చెంబు వంకరగా ఉందన్నారు, ఇప్పుడేం చేయాలి?

(డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు సాధన చేస్తున్న విద్యార్థులకు, వారికి నేర్పే మాస్టార్లకు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లు కాస్త ముందుకు జరగండి. బోర్డు మీద సన్న గీతలు గీస్తాను, అక్కడికి కనపడవు.

బొమ్మ ఎలా గీయాలో చెప్పే పాఠాలు కావలసినన్ని ఉన్నాయి. గీసిన బొమ్మ చూసి ఎవరైనా తప్పు చెబితే ఆ మాటతో ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ పూట మాట్లాడేది అదే. మాస్టారు షీటు చూసి "చెంబు వంకరగా ఉందమ్మా" అంటారు. వెంటనే విద్యార్థి చేయి రబ్బరు మీదకు పోతుంది. వంకర అన్న వైపు చెరిపి, గీత కాస్త లోపలికి జరిపి, మళ్లీ చూపిస్తారు. "ఆఁ, ఇప్పుడు ఫర్వాలేదు" అంటారు మాస్టారు. మర్నాడు ఇంకో చెంబు గీస్తే అదే వంకర, అదే వైపు వస్తుంది. నిన్న దిద్దుకున్నది కాగితం ఒక్కటే. చేయీ, చూపూ ఎక్కడున్నవి అక్కడే ఉండిపోయాయి.

తప్పు ఎక్కడుందో ఎదుటివాళ్లు చెప్పగలరు. ఎందుకు వచ్చిందో గీసినవాళ్లే పట్టుకోవాలి, ఎందుకంటే గీసేటప్పుడు ఎలా కూర్చున్నారో, ఏ వైపు ముందు గీశారో, పెన్సిల్ ఎలా పట్టుకున్నారో వాళ్లకే తెలుసు. షీటు చూసే మనిషికి అవేవీ కనపడవు. అందుకే చెప్పిన మాటను ఆజ్ఞగా తీసుకోకుండా ఒక ఆచూకీగా తీసుకుని, స్కేలూ పెన్సిలూ పట్టుకుని కారణం వెతకాలి. ఇది ఎలా చేయాలో ఒక స్టీలు గ్లాసుతో చూద్దాం.

(బోర్డు మీద గీస్తూ) బల్ల మీద గ్లాసు ఉంది. ఎత్తు సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. మీ కన్ను బల్ల పైభాగానికి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. గ్లాసు మీకు 80 సెంటీమీటర్ల దూరంలో ఉంది. గ్లాసు మూతి గుండ్రమే అయినా మనకు ఎలిప్స్‌గా, అంటే పైనుంచి నొక్కిన గుండ్రంలా కనిపిస్తుంది, అందరికీ తెలిసిందే. ఆ ఎలిప్స్ ఎంత తెరుచుకుని కనిపించాలి? మూతి మీ కంటికి 28 సెంటీమీటర్లు కింద ఉంది. ఈ లెక్కన ఎలిప్స్ ఎత్తు దాని వెడల్పులో మూడో వంతు ఉంటుంది. అడుగు ఇంకా కింద, 40 సెంటీమీటర్ల దిగువన ఉంది కాబట్టి అది ఇంకాస్త ఎక్కువ తెరుచుకుంటుంది, వెడల్పులో సగానికి కొంచెం తక్కువ. అంటే మీ షీటు మీద మూతి 9 సెంటీమీటర్ల వెడల్పు వస్తే దాని ఎత్తు 3 రావాలి. అడుగు 6 సెంటీమీటర్ల వెడల్పు వస్తే ఎత్తు 2.7 దగ్గర ఉండాలి. అడుగు ఎలిప్స్‌లో మనకు కనిపించేది ముందు సగమే అయినా, పూర్తి ఎలిప్స్ సన్నగా గీసుకుని తర్వాత వెనక సగం చెరపాలి. ముందు సగం ఒక్కటే గీస్తే అది పడవ అడుగులా మధ్యలో కిందకు జారుతుంది, లేకపోతే అడ్డగీతలా చదునై కూర్చుంటుంది.

ఇప్పుడు మాస్టారు వచ్చి "గ్లాసు బల్ల మీద కూర్చోలేదు" అన్నారు. మీరు స్కేలు పెట్టి కొలిచారు. మూతి 9కి 3, సరిపోయింది. అడుగు 6కి 2.1 మాత్రమే వచ్చింది. 2.7 రావలసిన చోట 2.1 ఎందుకు వచ్చింది? చాలామంది "నాకు ఎలిప్స్ రాదు" అనుకుంటారు. మూతి ఎలిప్స్ సరిగ్గా వచ్చినవాళ్లకు ఎలిప్స్ రాకపోవడమేమిటి? అసలు సంగతి ఏమిటంటే, మూతి గీసినప్పుడు మీరు నిటారుగా కూర్చున్నారు. అరగంట గడిచాక నడుము వాలింది, కన్ను 10 సెంటీమీటర్లు కిందకు దిగింది. ఆ ఎత్తు నుంచి చూస్తే ఆ అడుగు నిజంగానే 2.1 కనిపిస్తుంది. మీ కన్ను అబద్ధం చెప్పలేదు, రెండు వేరువేరు ఎత్తుల నుంచి చూసినవి ఒకే షీటు మీదకు చేరాయి. దీనికి మందు ఎలిప్స్ సాధన కాదు. కూర్చునే తీరు మార్చుకోవాలి. వస్తువు వెనక గోడ మీద సుద్దతో చిన్న గుర్తు పెట్టుకోండి, వస్తువు అంచు ఏదో ఒకటి ఆ గుర్తుతో కలిసేలా చూసుకోండి. పది నిమిషాలకోసారి తల ఎత్తినప్పుడు గుర్తు అంచుకు కలవకపోతే మీరు వాలిపోయారని అర్థం. కుర్చీ కాళ్ల చుట్టూ నేల మీద కూడా సుద్ద గీతలు పెట్టండి, మధ్యలో లేచి నీళ్లు తాగి వచ్చినా అదే చోట కూర్చుంటారు.

ఒకే మాటకు రెండు మూడు కారణాలు ఉండవచ్చు. "గీత బొచ్చుబొచ్చుగా ఉంది" అన్న మాట తీసుకోండి. ప్రతి క్లాసులో వినపడేదే. ఒక పొడుగు గీత బదులు చిన్న చిన్న ముక్కలు పక్కపక్కన పేర్చిన గీత. ఇది విన్న విద్యార్థి రెండో రోజు నుంచి సర్రున ఒక్క గీత లాగేస్తాడు. బాపు గీతల మీద ప్రేమ ఉన్నవాళ్లయితే మరీను. గీత నున్నగా వస్తుంది, పడాల్సిన చోట పడదు. బాపుగారి గీత అంత ధీమాగా సాగడానికి కారణం వేగం ఒక్కటే కాదు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆయనకు ముందే తెలుసు.

కాబట్టి ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. కాగితం మీద 15 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టండి. పెన్సిల్ కాగితానికి తగలకుండా రెండు మూడుసార్లు గాల్లో ఆ దారిన ఆడించి, చూపు చివరి చుక్క మీద పెట్టి, ఒక్క గీత లాగండి. ఇలా ఓ ఇరవై గీతలు. ఇవి నున్నగా వచ్చాయంటే మీ చేయి బాగానే ఉంది, వస్తువు గీసేటప్పుడు గీత ఎక్కడ పడాలో తేల్చుకోలేక తడుముకుంటున్నారు. అప్పుడు చేయాల్సింది కొలతల సాధన. ఈ ఇరవై గీతలు కూడా వంగిపోతుంటే చేతి కదలికలోనే లోపం ఉంది. మణికట్టు దగ్గర నుంచి గీస్తున్నారన్నమాట. మణికట్టు ఒక చోట ఆనించి గీస్తే చేయి దాని చుట్టూ తిరుగుతుంది, నాలుగైదు సెంటీమీటర్లు దాటాక గీత విల్లులా వంగక తప్పదు. మోచేయి, భుజం కదలాలి. చిటికెన వేలి గోరు మాత్రం కాగితాన్ని ఆనీ ఆననట్టు ఉండాలి. రోజూ వాకిట్లో ముగ్గు వేసే అలవాటున్న అమ్మాయిలకు ఈ భుజం కదలిక అప్పటికే వచ్చి ఉంటుంది. పెన్సిల్ చేతికి రాగానే దాన్ని మరచిపోయి రాత పట్టు పట్టేస్తారు. ఆ అలవాటును కాగితం మీదకు తెచ్చుకోమని వాళ్లకు గుర్తు చేస్తే చాలు.

గీత చివరి చుక్కను దాటిపోతే కంగారు పడకండి, అది చిన్న లోపం, నాలుగు రోజుల్లో పోతుంది. దాటకూడదన్న భయంతో చివర నెమ్మదించి గీతను వంచడమే పెద్ద లోపం.

సరే, మొదట్లో అన్న చెంబు వంకర దగ్గరకు వద్దాం. దీన్ని పరీక్షించడానికి ట్రేసింగ్ పేపర్ కావాలి. బొమ్మ మీద పరచి, చెంబు మధ్య నిలువు గీతను, ఎడమ సగం ఔట్‌లైన్‌ను దించుకోండి. పేపర్‌ను బోర్లా తిప్పి, మధ్య గీత మీద మధ్య గీత కలిసేలా కుడి సగం మీద పెట్టండి. ఎక్కడ ఎంత తేడా ఉందో కళ్లకు కడుతుంది. కుడిచేత్తో గీసేవాళ్లలో చాలామందికి ఎడమ పొట్ట నిండుగా వస్తుంది, కుడి పొట్ట చదునవుతుంది. ఎడమ వైపు వంపు కుడి చేయి సహజంగా తిరిగే వంపే. కుడి వైపు వంపు చేతికి ఎదురు తిరుగుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది తారుమారు. కారణం తెలిసింది కాబట్టి సాధన కూడా తెలిసినట్టే. కుడి వంపులు మాత్రమే ఒక షీటు నిండా గీయండి. చెంబు గీసేటప్పుడు ఒక వైపు మొత్తం దించేసి రెండో వైపుకు పోకుండా, మూతి, మెడ, పొట్ట, అడుగు, ఈ నాలుగు ఎత్తుల దగ్గర మధ్య గీతకు రెండు వైపులా సమాన దూరంలో గుర్తులు పెట్టుకున్నాకే వంపు కలపండి.

ఇంకో మాట, "పైభాగం సాగిపోయింది" అంటారు. కూజా మెడ కొంగ మెడ అవుతుంది. దీనికి చాలా సందర్భాల్లో కారణం బల్ల మీద పడుకోబెట్టిన షీటు. కాగితం పై అంచు మీ కంటికి దూరంగా ఉంటుంది, అక్కడ గీసింది కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది, సరిచేయాలని మీరు పొడుగ్గా గీస్తారు. షీటు గోడకు నిలబెట్టి చూసినవాళ్లకు అది సాగినట్టే ఉంటుంది. షీటు పెట్టుకునే డ్రాయింగ్ బోర్డు కింద రెండు ఇటుకలో, లావుపాటి పుస్తకాలో పెట్టి, మీ చూపు కాగితానికి తిన్నగా తగిలేలా వాల్చండి. మిగతా సందర్భాల్లో పెన్సిల్‌ను కంటికి ఎదురుగా చాచి పట్టుకుని వస్తువు కొలత తీసేటప్పుడు మోచేయి వంగడం వల్ల వస్తుంది. చేయి పూర్తిగా చాచినప్పుడు పెన్సిల్ కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. మోచేయి కాస్త వంగి అది 50కి వచ్చిందంటే కొలత ఆరో వంతు తగ్గిపోతుంది. వెడల్పు కొలిచినప్పుడు చేయి వంగి, ఎత్తు కొలిచినప్పుడు చాచి ఉంటే బొమ్మ సన్నగా, పొడుగ్గా వస్తుంది. ఎంత శ్రద్ధగా కొలిచినా అంతే. ఒక కన్ను మూసి, మోచేయి బిగించి, రెండు కొలతలూ వెంటవెంటనే తీసుకోండి.

ఇప్పుడు మాట విన్న తర్వాత వరసగా ఏం చేయాలో చెబుతాను. మొదట, రబ్బరు పక్కన పెట్టండి. షీటు వెనక తేదీ వేసి, చెప్పినవాళ్లు ఏ మాట వాడారో ఆ మాటే రాయండి. "చెంబు వంకర" అంటే "చెంబు వంకర" అనే రాయండి, "డ్రాయింగ్ బాగాలేదు" అని మార్చి రాసుకోవద్దు. మనసు కష్టపడినప్పుడు చిన్న మాటను పెద్దది చేసి గుర్తుపెట్టుకుంటాం, అది సాధనకు ఏమాత్రం పనికిరాదు. తర్వాత బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరచి, వస్తువును మళ్లీ కొలిచి, ఎర్ర పెన్సిల్‌తో సరైన గీత దాని మీద గీయండి. పాత గీతకూ ఎర్ర గీతకూ తేడా ఎటువైపు ఉందో చూడండి. ఎప్పుడూ ఒకే వైపు పోతుంటే అది అలవాటు. ఓసారి అటూ ఓసారి ఇటూ పోతుంటే కొలవకుండా గీశారని. కారణం తేలాక దానికి తగిన సాధన ఒక్క షీటు చేసి, అదే వస్తువును, అదే చోట నుంచి, కొత్త షీటు మీద గీయండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించండి.

కొత్త షీటు అనగానే ఖర్చు గుర్తొస్తుంది, నిజమే. ఈ సాధనకు కార్ట్రిడ్జ్ షీటు, అంటే డ్రాయింగ్‌కు వాడే మందపాటి కాగితం అక్కర్లేదు. ఒక వైపు ప్రింటైన కాగితం వెనక వైపు చాలు. మంచి షీటు షేడింగ్ దాకా వెళ్లే బొమ్మకు దాచుకోండి.

ఒకేసారి ఐదు తప్పులు చెప్పారనుకోండి. అన్నీ ఒకే రోజు దిద్దబోతే ఏదీ దిద్దుకోదు. వరస ఉంది. షీటులో బొమ్మ పడిన చోటు, తర్వాత మొత్తం ఎత్తు వెడల్పులు, తర్వాత మధ్య గీతలు, ఎలిప్సులు, తర్వాత ఔట్‌లైన్, ఆ తర్వాతే షేడింగ్. పై మెట్టు తప్పయితే కింద మెట్టులో చేసిన దిద్దుబాటు వృథా. కొబ్బరికాయ చెంబు కంటే పెద్దదైపోయిన బొమ్మలో పీచు ఎంత అందంగా గీసినా మార్కులు రావు. విద్యార్థులకు షేడింగ్ ఇష్టం కాబట్టి అదే ముందు దిద్దుకుంటారు. మాస్టార్లు ఇక్కడ కాస్త గట్టిగా ఉండాలి.

షేడింగ్ గురించి ఒక్కటే చెబుతాను. "ఇంకా నల్లగా రావాలి" అనగానే HB పెన్సిల్‌ను నొక్కి పడేస్తారు. నొక్కితే కాగితం గరుకు అణిగిపోతుంది, పైన ఇంకేదీ పట్టదు. నలుపు రాకపోగా వెలుతురులో తళతళ మెరుస్తుంది. వేలితో రుద్దితే చర్మం జిడ్డు అంటి మచ్చ పడుతుంది, రబ్బరుకు కూడా లొంగదు. HB కంటే మెత్తగా, నల్లగా పడే 2B, 4B, అవసరమైతే 6B పెన్సిల్ తీసుకుని, తేలిక చేత్తో, దిక్కు మార్చుకుంటూ పొర మీద పొర వేయండి. చాలాసార్లు అసలు లోపం నలుపులో ఉండదు, తెలుపులో ఉంటుంది. వెలుతురు పడే చోట కూడా బూడిద రంగు పూసేస్తే నీడ ఎంత ముదిరినా తేలిపోయినట్టే ఉంటుంది. కాగితం తెలుపు నుంచి మీ పెన్సిల్ ఇచ్చే గాఢమైన నలుపు దాకా ఐదు గళ్ల పట్టీ ఒకటి చేసుకుని, కళ్లు చికిలించి, వస్తువులో ఏ భాగం ఏ గడికి సరిపోతుందో చూడండి. మొదట మట్టి ముంతతో చేయండి. స్టీలు మీద మెరుపులు, ప్రతిబింబాలు కొత్తవాళ్లను దారి తప్పిస్తాయి.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట వినాలి? ఎవరు పెద్దవారన్న ప్రశ్న ఇక్కడ అనవసరం. కొలిచి తేల్చగలిగిన విషయమైతే కొలవండి, వస్తువే తీర్పు చెబుతుంది. కొలతకు అందనిదైతే, ఉదాహరణకు గీత లావుగా ఉండాలా సన్నగానా అన్నది, రెండు రకాలుగానూ గీసి చూపించి అడగండి. ఇంట్లోవాళ్ల మాటను తేలిగ్గా తీసేయకండి. అమ్మ చూసి "ఇది మన చెంబులా లేదురా, మెడ ఇంత సన్నం కాదు" అంటే ఆవిడ మాటే నిజం అయ్యే అవకాశం ఎక్కువ. రోజూ ఆ మెడ పట్టుకుని ఎత్తే చేయి అది. ప్రాచీన గ్రీసు చిత్రకారుడు అపెలీస్ గురించి రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథ ఒకటుంది. అపెలీస్ తన బొమ్మలు బయట పెట్టి, వెనక దాక్కుని జనం మాటలు వినేవాడట. చెప్పులు కుట్టే అతను ఒకడు బొమ్మలో చెప్పుకు పట్టీ దూర్చే ఉచ్చు ఒకటి తక్కువైందన్నాడు. అపెలీస్ దిద్దాడు. మర్నాడు అతను కాలి గురించి కూడా తప్పు పట్టబోతే, నీ మాట చెప్పు దాకానే అని ఆపేశాడట. జనం ఈ రెండో సగాన్నే ఎక్కువగా చెప్పుకుంటారు. సాధన చేసేవాళ్లకు మొదటి సగం కావాలి. ఏ వస్తువుతో ఎవరికి రోజూ పని ఉందో, ఆ వస్తువు గురించి వాళ్లను అడగాలి.

అడగడం కూడా నేర్చుకోవాలి. "ఎలా ఉంది సార్?" అంటే "బాగుంది" అనే జవాబే వస్తుంది. "మాస్టారూ, అడుగు ఎలిప్స్ మూతికి సరిపోయిందా?" అని అడిగితే ఆయన చూపు అక్కడికి పోతుంది. "బాగుంది" అంటే కూడా ఏది బాగుందో అడిగి రాసుకోండి. తెలియకపోతే మరోసారి గీసినప్పుడు దాన్నే పోగొట్టుకుంటారు.

ఫోన్‌లో ఫొటో తీసి మాస్టారికి పంపేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. షీటును గోడకు ఆనించి, ఫోన్ దానికి సమాంతరంగా, మధ్యకు ఎదురుగా పట్టుకోవాలి. పై నుంచి వాల్చి తీస్తే బొమ్మ ఒక అంచున ముకుళించుకుపోతుంది, మీరు చేయని తప్పును ఆయన దిద్దుతారు. వస్తువు ఫొటో కూడా పంపండి. అది మీరు కూర్చున్న చోట నుంచి, మీ కంటి ఎత్తులో తీసినదై ఉండాలి. దగ్గరకు పోయి తీస్తే ఎలిప్సులు మారిపోతాయి. బొమ్మ ఫొటోను ఫోన్‌లోనే ఎడమకుడులు తిప్పి చూడండి, వాలిన మధ్య గీత వెంటనే దొరికిపోతుంది. లియొనార్డో డావిన్చీ చిత్రకారులకు అద్దంలో చూసుకోమని రాసింది ఇందుకే.

మాస్టార్లకు ఒక విన్నపం. పిల్లల షీటు మీద మీ గీత గీయకండి. గీస్తే వాళ్లు మీ గీతను ఉంచుకుంటారు, తమ తప్పును చూసుకోరు. ట్రేసింగ్ పేపర్ వేసి దాని మీద గీయండి, రెండూ కనపడతాయి. "వంకర" అన్నప్పుడు ఏ ఎత్తు దగ్గర, ఏ వైపు అన్నది వేలు పెట్టి చూపించండి. దిద్దమని చెప్పిన తర్వాత అదే వస్తువును అదే చోట మళ్లీ పెట్టే వీలు కల్పించండి. బల్ల మీద వస్తువుల చుట్టూ సుద్ద గీత గీసి ఉంచితే చాలు.

(సభ నుంచి ప్రశ్న: సార్, పరీక్షలో కొత్త షీటుకు టైం ఉండదు కదా?)

ఉండదు. పరీక్షలో ఉన్న షీటునే దిద్దుకోవాలి, అక్కడ రబ్బరు వాడాల్సిందే. కానీ షేడింగ్ మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ఆగండి. బోర్డు చేతులు చాచినంత దూరం పట్టుకుని ఓసారి, తలకిందులు చేసి ఓసారి చూడండి. సన్న గీతల దశలో దొరికిన తప్పు రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది, షేడింగ్ అయ్యాక దొరికితే ఏం చేయలేరు. ఏ తప్పు కోసం చూడాలో మీ షీట్ల వెనక రాసుకున్న మాటలే చెబుతాయి. అదే మాట నాలుగు షీట్ల వెనక ఉంటే ముందు దాని కోసమే చూడండి.

(మరో ప్రశ్న: ఒకే చెంబు ఎన్నిసార్లు గీయాలండీ?)

లెక్క పెట్టుకోకండమ్మా. ఒకే చెంబును పదే పదే గీస్తే ఆ చెంబు బట్టీ వచ్చేస్తుంది, చూడకుండానే గీసేస్తారు, తప్పు పోయిందని పొరబడతారు. రెండు మూడుసార్లు గీశాక వస్తువు మార్చండి. చెంబు కుడి పొట్ట చదునవుతోందన్నారు కదా, ఈసారి ముంత పెట్టండి, తర్వాత కూజా, ఆ తర్వాత గుమ్మడికాయ. ట్రేసింగ్ పేపర్ బోర్లా తిప్పి చూసినప్పుడు మూడింటిలోనూ తేడా ఒక గీత మందం దాటకపోతే ఆ మాటను కొట్టేయండి, తర్వాతి మాట తీసుకోండి. ఏ ఒక్కదానిలో చదునైనా కుడి వంపుల షీటు ఇంకొకటి గీయాల్సిందే.